ఇల్లు దొరుకుతుంది, ఓనరే దొరకడు

2011లో అమెరికా ప్రభుత్వం కాలిఫోర్నియాలో ఒక కేసు వేసింది, అందులో వాది అమెరికా, ప్రతివాది ఒక చేతి గ్లవ్. జోక్ కాదండి, కేసు టైటిల్‌లోనే అలా ఉంది. మైకేల్ జాక్సన్ స్టేజీ మీద వేసుకున్న తెల్ల క్రిస్టల్స్ గ్లవ్ అది, ఖరీదు 2,75,000 డాలర్లు. దాంతోపాటు జాక్సన్ వాడిన ఇంకొన్ని వస్తువులు, మాలిబూలో 3 కోట్ల డాలర్ల బంగళా, ఒక ఫెరారీ, ఒక గల్ఫ్‌స్ట్రీమ్ జెట్టు, వీటన్నిటి మీదా అప్పుడు వరసగా కేసులు పడ్డాయి. ఇవన్నీ కొన్నది ఈక్వటోరియల్ గినీ అనే చిన్న ఆఫ్రికా దేశం ప్రెసిడెంటు కొడుకు టియోడొరిన్ ఒబియాంగ్, అప్పట్లో అక్కడ వ్యవసాయం, అడవుల మంత్రి. మంత్రిగా ఆయన జీతం ఏడాదికి లక్ష డాలర్ల లోపు, కూడబెట్టింది మాత్రం 30 కోట్ల డాలర్ల పైన అని అమెరికా జస్టిస్ డిపార్ట్‌మెంట్ లెక్క.

విశాఖలో పొద్దున్నే టీ తాగుతూ పేపర్ తిరగేసేవాళ్ళకి ఈ లెక్క ఏం కొత్త కాదు. ఏసీబీ వాళ్ళు ఫలానా ఆఫీసర్ ఇంట్లో సోదాలు చేశారు, ఎంవీపీ కాలనీలో ఫ్లాటు, ఆనందపురం వైపు స్థలాలు, భార్య పేరున ఇంత, బావమరిది పేరున అంత, లాకర్‌లో బంగారం, వెరసి ఆదాయానికి మించిన ఆస్తుల కేసు, ఇలాంటి వార్తలు మనకి కంఠతా వచ్చు. నీ జీతం ఇంత, నీ ఆస్తి అంత, మధ్యలో తేడా ఎక్కడిదో చెప్పు బాబూ అని అడగడమే కదా ఆ కేసంటే. కానీ ఏసీబీ అడిగేది మన ఆఫీసర్‌ని, మన చట్టం కింద. ఇంకో దేశం మంత్రిని, అదీ కన్నతండ్రే 1979 నుంచి ప్రెసిడెంటుగా కూర్చున్నవాణ్ణి, అమెరికా ఏ హక్కుతో అడుగుతుంది? విదేశీ నాయకులు దాచుకున్న ఆస్తుల్ని ఇంకో దేశం ఎలా బయటికి లాగుతుంది, ఎందుకు లాగలేకపోతుంది, మనం చెప్పుకునేది అదే.

హక్కు నేలని బట్టి వస్తుంది, ఆ తర్వాత కరెన్సీని బట్టి. లంచం ఎక్కడ తిన్నా సరే, ఆ సొమ్ముతో ఇల్లు కొన్నది కాలిఫోర్నియాలో, డాలర్లు కదిలింది అమెరికా బ్యాంకుల్లోంచి, కాబట్టి మనీ లాండరింగ్ మా గడ్డ మీద జరిగింది అంటారు వాళ్ళు. పైగా అక్కడ సివిల్ జప్తు అని ఒక పద్ధతి ఉంది, మనిషిని బోనెక్కించక్కర్లేదు, వస్తువునే నిలబెట్టొచ్చు, అందుకే గ్లవ్ ముద్దాయి అయ్యింది. క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చెయ్యనక్కర్లేదు, ఇది దొంగ సొమ్ముతో కొన్నదే అనడానికి ఎక్కువ ఆస్కారం ఉంది అని చూపిస్తే చాలు. అయినా సరే ఆ కేసు రాజీతోనే ముగిసింది. 2014 అక్టోబర్‌లో బంగళా, ఫెరారీ, జాక్సన్ బొమ్మలు కలిపి సుమారు 3 కోట్ల డాలర్ల మేరకు వదులుకోవడానికి టియోడొరిన్ ఒప్పుకున్నాడు. ఆ జెట్టు, మిగతా జాక్సన్ సామాను ఎప్పుడైనా అమెరికాలో అడుగుపెడితే పట్టుకుంటాం అని రాసుకున్నారు, అంటే అడుగుపెట్టకపోతే ఏమీ చెయ్యలేరన్నమాట. ఆ డబ్బులోంచి 2 కోట్ల 66 లక్షల డాలర్లు ఆ దేశం జనానికి కోవిడ్ టీకాలకీ మందులకీ ఇస్తున్నామని 2021లో ప్రకటించారు, అదీ ఆ ప్రభుత్వం చేతికి కాదు, ఐక్యరాజ్య సమితి ద్వారా, ఒక చారిటీ సంస్థ ద్వారా.

ఫ్రాన్స్‌లో ఇదే మనిషికి పారిస్‌లోని అవెన్యూ ఫోష్‌లో ఒక పెద్ద భవనం ఉండేది. 2011లో పోలీసులు వచ్చి ఆవరణలోని కార్లు పట్టుకెళ్ళిన కొద్ది రోజులకే ఇది మా ఎంబసీ ఆఫీసండీ అని ఆ దేశం లెటర్ పెట్టింది. ఎంబసీ అయితే పోలీసులు లోపలికి రాకూడదు కదా, తెలివి. ఆ గొడవ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది, అది ఎంబసీ కాదని 2020 డిసెంబర్‌లో తేల్చారు. ఫ్రెంచ్ కోర్టు 2017లో వేసిన శిక్ష, మూడేళ్ళు సస్పెండెడ్ జైలు, భవనం జప్తు, 3 కోట్ల యూరోల జరిమానా (మొదట సస్పెండెడ్, 2020 అప్పీల్లో కట్టాల్సిందే అన్నారు), 2021లో పైకోర్టులో కూడా నిలబడింది. మనిషి అధికారంలో ఉండగానే ఇంత దాకా వచ్చిన కేసులు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఎందుకంత అరుదో అర్థమైతే ఈ టాపిక్ సగం అర్థమైనట్టే.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. "విదేశీ నాయకుల దాచిన ఆస్తులు బయటపెట్టడం" అని వార్తల్లో చూసేదాంట్లో రెండు వేరే వేరే పనులు కలిసిపోయి ఉంటాయి, ఒకటి ఫలానా ఆయనకి ఇంత ఉంది అని రిపోర్టు రాసి లోకానికి చెప్పడం, రెండోది ఆ ఆస్తిని ఫ్రీజ్ చేసి, కోర్టులో నెగ్గి, వెనక్కి పంపడం. మొదటిది రాజకీయం, రెండోది ప్లీడర్ల పని, వీటికి పట్టే కాలం, కావాల్సిన సాక్ష్యం, వచ్చే ఫలితం దేనికదే.

రిపోర్టుల సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే వాటిలో సరుకు తక్కువ. 2017లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసి రష్యా పెద్దల ఆస్తుల మీద రిపోర్టు ఇవ్వమని ట్రెజరీని, అంటే వాళ్ళ ఆర్థిక శాఖని, అడిగింది. 2018 జనవరిలో వచ్చింది లిస్టు, 114 మంది రాజకీయ నాయకులు, 96 మంది కుబేరులు, తీరా చూస్తే ఆ కుబేరుల పేర్లు ఫోర్బ్స్ పత్రిక బిలియనీర్ల లిస్టులోంచి ఎత్తినవి, ఆ మాట ట్రెజరీ వాళ్ళే ఒప్పుకున్నారు. అసలు విషయం రహస్య భాగంలో ఉంది అన్నారు, ఉండొచ్చు, జనానికైతే దొరికింది ఫోర్బ్స్. చైనా పార్టీ నాయకత్వం సంపద మీద అమెరికా నిఘా విభాగం 2025 మార్చిలో బయటపెట్టిన రిపోర్టు కూడా కొద్ది పేజీలే, అందులో చాలామటుకు అంతకుముందు పత్రికలు తవ్వి తీసినవే. ఇరాన్ విషయంలో మాత్రం ఒక ముచ్చట ఉంది, అక్కడి నాయకుల ఆస్తుల అంచనా తయారు చెయ్యాలని కాంగ్రెస్‌లో పెట్టిన బిల్లుల్లో ఆ రిపోర్టుని వెబ్‌లో పెట్టాలి, ఇరాన్ జనం మాట్లాడే భాషల్లోకి తర్జుమా చేసి మరీ పెట్టాలి అని రాశారు. అంటే ఆ రిపోర్టు చదవాల్సింది జడ్జి కాదు, టెహ్రాన్‌లో ధరలు పెరిగి విసిగిపోయి ఉన్న మనిషి. ఉద్దేశం దాచుకోలేదు కదా. ఇరాన్ సుప్రీం లీడర్ చేతిలో ఉన్న సెతాద్ అనే సంస్థ ఆస్తులు సుమారు 9,500 కోట్ల డాలర్లు అని 2013లో లెక్క కట్టింది మాత్రం ఏ ప్రభుత్వమూ కాదు, రాయిటర్స్ వార్తా సంస్థ.

మరి నిఘా సంస్థలకి తెలియదా అంటే తెలుసు, చెప్తే ఎలా తెలిసిందో కూడా బయటపడుతుందని చెప్పవు. ఇంకో కారణం కూడా ఉంది, చెప్పడానికి పేపర్ మీద ఏమీ ఉండదు. పుతిన్ ఏటా ఇచ్చిన ఆస్తుల ప్రకటనల్లో ఉండేది 77 చదరపు మీటర్ల ఫ్లాటు, ఒక గ్యారేజీ, రెండు పాతకాలం వోల్గా కార్లు, ఒక నివా జీపు, ఒక ట్రైలర్. 77 చదరపు మీటర్లంటే మన లెక్కలో 830 చదరపు అడుగులు, మధురవాడలో అంతకంటే పెద్ద డబుల్ బెడ్‌రూమ్‌లు లోన్ మీద కొంటున్నారు జనం. అదే సమయంలో 2016లో బయటికొచ్చిన పనామా పేపర్స్‌లో, అంటే అక్కడి లా ఫర్మ్ ఒకదాని నుంచి లీకైన కాగితాల్లో, ఆయన చిరకాల స్నేహితుడు, సెల్లో వాయించే కళాకారుడు సెర్గెయ్ రోల్డుగిన్ పేరు కనబడే కంపెనీల గొలుసు ఒకటి ఉంది, ఆ గొలుసులో తిరిగిన డబ్బు 200 కోట్ల డాలర్ల దాకా. సెల్లో కచేరీలు చేస్తే అంత వస్తుందా అని అందరూ నవ్వారు. నవ్వడం వేరు, ఆ డబ్బు ఫలానా ఆయనదే అని కోర్టులో నిలబెట్టడం వేరు.

దీనికి మన దగ్గర ఉన్న మాట బినామీ. తాటిచెట్లపాలెంలోనో గాజువాకలోనో ఎవర్ని అడిగినా చెప్తారు, డబ్బు ఒకరిది, దస్తావేజు మీద పేరు ఇంకొకరిది. స్థలం కొనేముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తాం కదా, అందులో ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు అన్నీ వరసగా వస్తాయి, కానీ డబ్బెవరిదో ఏ ఈసీలోనూ రాదు. అంతర్జాతీయ బినామీలో బావమరిది బదులు కంపెనీ ఉంటుంది. బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో ఒక కంపెనీ, దాని షేర్లు ఒక ట్రస్టు పేరున, ట్రస్టు ఇంకో ద్వీపంలో, డైరెక్టర్‌గా జీతానికి సంతకం పెట్టే మనిషి, అతను అలాగే వందల కంపెనీలకి డైరెక్టర్. మన రాజకీయాల్లో సూట్‌కేస్ కంపెనీలు అంటామే, అవే ఇవి, కాకపోతే సూట్‌కేస్‌కి పాస్‌పోర్టు ఉంటుంది. ఒక్కో దేశంలో ఒక్కో ముక్క ఉంటుంది కాబట్టి, మొత్తం బొమ్మ చూడాలంటే నాలుగైదు దేశాలకి లెటర్లు రాయాలి, వాళ్ళు జవాబివ్వాలి, ఇచ్చేలోపు డబ్బు ఐదో దేశానికి పోతుంది.

ఇదంతా ఎక్కడో దూరంగా జరిగే మాయ అనుకుంటాం గానీ సాయంత్రం ఆర్కే బీచ్‌లో నిలబడితే కళ్ళెదుటే ఉంటుంది. పోర్టులో బెర్త్ కోసం ఎదురుచూస్తూ లంగరేసిన ఓడలు వరసగా కనబడతాయి కదా, ఫోన్‌లో ఓడల ట్రాకింగ్ యాప్ తెరిచి ఒక్కోదాని మీద నొక్కండి. జెండా పనామా, జెండా లైబీరియా, జెండా మార్షల్ ఐలాండ్స్. బొగ్గో ఎరువో మోసుకొచ్చిన ఓడ, ఓనర్లు గ్రీసు వాళ్ళో జపాన్ వాళ్ళో, సిబ్బందిలో మన వైజాగ్ కుర్రాళ్ళు కూడా ఉంటారు, వెనక భాగం మీద మాత్రం మన్రోవియా అనో మజూరో అనో ఆ జెండా దేశం రాజధాని పేరు రాసి ఉంటుంది, ఆ ఓడ ఆ ఊరి మొహం ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. ఇది చట్టబద్ధమే, ఎక్కువ భాగం పన్నుల కోసం, రూల్స్ సులువని చేసేది. కానీ ఒక్క ఓడకి ఒక్క కంపెనీ పెట్టి ఆ కంపెనీ వెనక ఎవరున్నారో కనబడకుండా చేసే ఏర్పాటు సరుకు ఓడలకి ఎంత పనికొస్తుందో నాయకుల విలాస నౌకలకీ అంతే పనికొస్తుంది. 2022 మేలో ఇటలీ ఆపేసిన షెహరజాద్ అనే 140 మీటర్ల నౌక కేమన్ ఐలాండ్స్ జెండాతో ఉండేది, అది పుతిన్‌దని రష్యా ప్రతిపక్ష నాయకుడు నవాల్నీ బృందం చెప్పింది, కాగితాల మీద మాత్రం ఏదో కంపెనీది. ఇంకో తమాషా ఏమిటంటే లైబీరియా, మార్షల్ ఐలాండ్స్ రెండిటి ఓడల రిజిస్ట్రీలూ నడిచేది అమెరికాలోని వర్జీనియా నుంచే, వాషింగ్టన్‌కి కూతవేటు దూరం. దాచినవాడి కోసం వెతికే ఆఫీసుకీ, దాచుకోవడానికి పనికొచ్చే ఆఫీసుకీ మధ్య కారులో గంట కూడా పట్టదు.

ఇప్పుడు అసలు కథకొద్దాం, ఈ పని మొత్తానికి మూలపురుషుడు ఫిలిప్పీన్స్ ఒకప్పటి ప్రెసిడెంటు మార్కోస్. 1985 డిసెంబర్‌లో, ఆయన ఇంకా గద్దె మీద ఉండగానే, అమెరికా ప్రతినిధుల సభలో స్టీఫెన్ సోలార్జ్ నడిపే సబ్‌కమిటీ న్యూయార్క్‌లో మార్కోస్ దంపతులకున్న రహస్య భవనాల మీద విచారణ మొదలుపెట్టింది. ఫిఫ్త్ అవెన్యూలో క్రౌన్ బిల్డింగ్, 40 వాల్ స్ట్రీట్ లాంటివి, అన్నీ విదేశీ సూట్‌కేస్ కంపెనీల పేరున. ఆ భవనాల వ్యవహారం చూసిన అన్నదమ్ములిద్దరూ నోరు విప్పకపోతే సభ వాళ్ళ మీద ధిక్కారం కింద తీర్మానం కూడా చేసింది. గమనించాల్సింది ఏమిటంటే మార్కోస్ అమెరికాకి శత్రువు కాదు, మిత్రుడు, క్లార్క్, సూబిక్ సైనిక స్థావరాలు ఆయన దేశంలోనే ఉన్నాయి. వైట్‌హౌస్ ఆయన్ని వెనకేసుకొస్తుంటే పార్లమెంటు కమిటీ ఒకటి ఎదురెళ్ళింది, దానికీ ముందు ఒక కాలిఫోర్నియా పేపర్ తవ్వి రాసింది. ప్రభుత్వం అంటే ఒకే మనిషి కాదు కదా, ఒక చెయ్యి కౌగిలించుకుంటుంటే ఇంకో చెయ్యి జేబులు వెతుకుతుంది.

1986 ఫిబ్రవరి 25న జనం తిరగబడితే మార్కోస్ కుటుంబం పారిపోయింది. మలకన్యాంగ్ ప్యాలెస్‌లో వదిలేసిన కాగితాల్లో 1968లో స్విస్ బ్యాంకులో తెరిచిన ఖాతాల ఫారాలు దొరికాయి, పేర్లు విలియం సాండర్స్, జేన్ రయన్. ప్రెసిడెంటూ ఆయన భార్యా దొంగ పేర్లతో అకౌంట్ తెరిచారు, పక్కన అసలు సంతకాలు కూడా పెట్టారు. కొత్త ప్రెసిడెంటు కొరజాన్ అకీనో ఇచ్చిన మొట్టమొదటి ఆర్డరే ఈ ఆస్తులు వెతికే కమిషన్ కోసం. స్విట్జర్లాండ్ నెల తిరక్కుండానే, మార్చి 24న, ఖాతాలు ఫ్రీజ్ చేసింది. సాక్ష్యం ఉంది, ఫ్రీజ్ అయ్యింది, కొత్త ప్రభుత్వం అడుగుతోంది, ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా. ఆ డబ్బు ఫిలిప్పీన్స్ చేతికి రావడానికి పదిహేడేళ్ళ పైనే పట్టింది.

మధ్యలో ఏం జరిగిందంటే, 1990లో న్యూయార్క్ కోర్టు ఇమెల్డా మార్కోస్‌ని నిర్దోషి అని వదిలేసింది, ఆయన అప్పటికే చనిపోయాడు. స్విస్ కోర్టులు ఒకదాని తర్వాత ఒకటి అప్పీళ్ళు విన్నాయి, 1997లో డబ్బు మనీలాకి బదిలీ చెయ్యండి గానీ ఇది నేరం సొమ్మే అని అక్కడి కోర్టు తీర్పు వచ్చేదాకా ఎస్క్రోలో, అంటే ఎవరూ ముట్టుకోని మధ్యవర్తి ఖాతాలో, పెట్టండి అన్నారు. ఆ తీర్పు 2003 జూలైలో వచ్చింది, ఎలా వచ్చిందో చూడండి, ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు మార్కోస్ దంపతులు 1966 నుంచి 1986 దాకా అందుకున్న జీతాలన్నీ కూడి లెక్క కట్టింది, 3,04,372 డాలర్లు వచ్చింది. ఖాతాల్లో ఉన్నది 35 కోట్ల పైచిలుకు, వడ్డీలతో పెరిగి అప్పటికి 65 కోట్ల డాలర్లు దాటింది. ఆదాయానికి పొంతన లేని ఆస్తి అక్రమమే అని వాళ్ళ పాత చట్టం ఒకటి ఉంది, తేడా ఎక్కడిదో చెప్పుకోలేకపోయారు, అంతే. ఏ ప్రాజెక్టులో ఎంత కొట్టేశాడో ఒక్కొక్కటీ నిరూపించే పని పెట్టుకోలేదు. మన ఏసీబీ కేసు లెక్కే అచ్చంగా. ఆ డబ్బులోంచి 1000 కోట్ల పెసోలు పక్కనపెట్టి మార్షల్ లా కాలంలో చిత్రహింసలు పడ్డ 11,103 మందికి పరిహారం ఇచ్చారు. కొడుకు మార్కోస్ 2022లో ప్రెసిడెంటు అయ్యాడు, అది వేరే సంగతి.

ఇక్కడ దొరుకుతుంది ముడి ఎక్కడుందో. డబ్బు జెనీవాలో ఉందని తెలుసుకోవడం ఒక మెట్టే. ఆ డబ్బు ఫలానా ఆయనదే అని ఒక మెట్టు, అది నేరం చేసి తెచ్చిందే అని ఇంకో మెట్టు, ఈ మూడోదానికి కాగితాలు, సాక్షులు ఉండేది ఆ నాయకుడి సొంత దేశంలో. ఆయన గద్దె మీదుంటే ఆ కాగితాలు పంపాల్సింది ఆయన కింద పనిచేసే ఆఫీసరే! పంపుతాడా? అందుకే ఈ కేసులన్నీ మనిషి పడిపోయాకే కదులుతాయి. స్విట్జర్లాండ్ 2016 జూలై నుంచి అమల్లో పెట్టిన చట్టంలో ఈ మాట దాపరికం లేకుండా రాసుకుంది, ముందుగానే ఆస్తి ఫ్రీజ్ చెయ్యాలంటే ఆ దేశంలో ప్రభుత్వం పడిపోయి ఉండాలి లేదా పడిపోవడం ఖాయమై ఉండాలి. అవకాశవాదం అని తిట్టొచ్చు, నాకైతే నిజాయితీగా రాసుకున్నట్టే అనిపిస్తుంది.

పడిపోయినా గ్యారంటీ లేదు. 2011 ఫిబ్రవరి 11న ఈజిప్టులో ముబారక్ దిగిపోతే అరగంటలో స్విస్ వాళ్ళు ఆయన, ఆయన మనుషుల ఖాతాలు ఫ్రీజ్ చేశారు, పోగైంది సుమారు 70 కోట్ల ఫ్రాంకులు. తర్వాత కైరోలో ప్రభుత్వాలు మారాయి, పాతవాళ్ళతో రాజీలు కుదిరాయి, అక్కడి నుంచి రావాల్సిన సాక్ష్యం రాలేదు. 2022 ఏప్రిల్‌లో స్విస్ ప్రాసిక్యూటర్లు ఫైలు మూసేసి మిగిలిన 40 కోట్ల ఫ్రాంకులు వదిలేశారు. అంతకుముందు హైతీ మాజీ నియంత డువాలియే కేసులో ఇంకా దారుణం, కాలదోషం పట్టిందని ఆయన కుటుంబానికే డబ్బు తిరిగిచ్చేయమని స్విస్ సుప్రీంకోర్టు 2010 జనవరి 12న తీర్పు రాసింది, అదే రోజు హైతీలో భూకంపం వచ్చి దేశం నేలమట్టమైంది. స్విస్ ప్రభుత్వం సిగ్గుపడి అత్యవసర ఆర్డర్‌తో డబ్బు ఆపేసి, ఈ ఒక్క రకం కేసుల కోసమే కొత్త చట్టం తెచ్చింది.

గద్దె మీదున్న వాణ్ణి బయటపెట్టి ఫలితం చూసిన కేసు ఒకటుంది, మలేషియా. 2016 జూలైలో 1ఎండీబీ అనే మలేషియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ నిధులమీద అమెరికా వేసిన దావాలో "మలేషియన్ అఫీషియల్ 1" అని ఒక పాత్ర ఉంటుంది, ఆయన ఖాతాలోకి 68 కోట్ల 10 లక్షల డాలర్లు వెళ్ళాయి అని రాశారు, పేరు మాత్రం రాయలేదు, ప్రధానమంత్రి నజీబ్ రజాక్ అని పిల్లలకి కూడా తెలుసు. ఆయన మంత్రే ఒకాయన టీవీలో అవును ఆయనే అనేశాడు. నజీబ్ ఏమో అది సౌదీ నుంచి వచ్చిన విరాళం అన్నాడు, సొంత దేశంలో అటార్నీ జనరల్ క్లీన్‌చిట్ ఇచ్చాడు. కానీ ఆ దావా కాగితాలు జనం చేతికొచ్చాయి, పేజీల కొద్దీ ఏ తేదీన ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకి ఎంత పోయిందో అంకెలతో సహా, అంత విపులంగా రాసింది చేతిలో ఉంటే దబాయింపు ఎన్నాళ్ళు నిలుస్తుంది. 2018 మేలో ఆయన ఎన్నికలు ఓడిపోయాడు, వెంటనే పోలీసులు ఇళ్ళమీద పడితే 12,000 నగలు, 567 హ్యాండ్‌బ్యాగులు దొరికాయి. 1ఎండీబీ సొమ్ముతో కొన్నారన్న ఈక్వానిమిటీ అనే నౌకని ఇండోనేషియా బాలీ దగ్గర పట్టుకుంది, మలేషియా దాన్ని 2019లో 12 కోట్ల 60 లక్షల డాలర్లకి అమ్మేసింది. 2022 ఆగస్టులో నజీబ్ జైలుకెళ్ళాడు. కోర్టు ఫైలింగ్‌లో ఉన్న వివరం పని చేసింది, ఫోర్బ్స్ కాపీ కొట్టిన లిస్టు చెయ్యలేదు, నాకు ఈ తేడానే ముఖ్యం.

పాకిస్తాన్‌లో విషయం అయితే ఒక ఫాంట్ దగ్గర తేలింది. పనామా పేపర్స్‌లో అప్పటి ప్రధానమంత్రి నవాజ్ షరీఫ్ పిల్లల లండన్ ఫ్లాట్ల సంగతి వచ్చాక సుప్రీంకోర్టు వేసిన దర్యాప్తు బృందానికి 2006 ఫిబ్రవరి నాటి ట్రస్టు దస్తావేజు అని ఒకటి ఇచ్చారు, అది టైపు చేసింది కాలిబ్రీ ఫాంట్‌లో, ఆ ఫాంట్ మామూలు జనానికి మార్కెట్లోకి వచ్చింది 2007లో. పాత స్టాంపు పేపర్ మీద వెనక తేదీ వేసి అగ్రిమెంట్ రాయించే విద్య మన దగ్గరా తెలిసిందే, కానీ ఫాంట్ చూసి పట్టుకుంటారని ఎవరనుకుంటారు! అయితే 2017 జూలై 28న ఆయన పదవి పోయింది ఆ ఫ్లాట్ల వల్ల కాదు, దుబాయ్ కంపెనీలో రావాల్సిన జీతం నామినేషన్‌లో చూపించలేదని. ఫ్లాట్ల కేసులో జైలు శిక్ష పడినా 2023 నవంబర్‌లో కొట్టేశారు.

ఇంగ్లండ్ ఈ రుజువు బరువుని తిప్పేద్దామని చూసింది. 2018 జనవరి ఆఖరు నుంచి లెక్కచెప్పని సంపద ఉత్తర్వులు వచ్చాయి, ఈ ఇల్లు ఏ డబ్బుతో కొన్నావో నువ్వే చెప్పు అని అడగడం. మొదటిది తగిలింది అజర్‌బైజాన్ ప్రభుత్వ బ్యాంకు మాజీ ఛైర్మన్ భార్య జమీరా హాజియెవాకి, ఆవిడ హారడ్స్ షాపులో పదేళ్ళలో పెట్టిన ఖర్చు 1 కోటి 60 లక్షల పౌండ్లు, నైట్స్‌బ్రిడ్జ్‌లో ఇల్లు వర్జిన్ ఐలాండ్స్ కంపెనీ పేరున. ఆ కేసు నెగ్గారు. తర్వాత కజకిస్తాన్ మాజీ ప్రెసిడెంటు కూతురు, మనవడి 8 కోట్ల పౌండ్ల ఇళ్ళమీద వేశారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, ఎదుటివాళ్ళ లాయర్ ఖర్చులు కూడా ప్రభుత్వం మీదే పడేలా చేసింది. ఆ దెబ్బకి దర్యాప్తు ఏజెన్సీ చాలాకాలం ఆ ఆయుధం ముట్టుకోడానికే జంకింది. సంపన్నుడు లాయర్లకి పెట్టగలిగినంత ఏజెన్సీ బడ్జెట్‌లో ఉండదు, ఎక్కడైనా ఇంతే. 2022లో చట్టం మార్చి ఆ ఖర్చుల భయం తగ్గించారు, ఇళ్ళు కొనే విదేశీ కంపెనీలు అసలు ఓనర్ పేరు రాయాల్సిందే అని రిజిస్టర్ కూడా పెట్టారు. మన పక్కనున్న బంగ్లాదేశ్ మాజీ భూమి మంత్రి సైఫుజ్జమాన్ చౌధురీకి సంబంధించినవంటూ 17 కోట్ల పౌండ్ల ఆస్తులు 2025లో లండన్‌లో ఫ్రీజ్ అయ్యాయి, ఆయన తప్పు చెయ్యలేదంటున్నాడు. షేక్ హసీనా దిగిపోయింది 2024 ఆగస్టులో, వరస చూశారు కదా.

ఇలా పని కాస్త దారిలో పడుతున్న టైములో వెనక్కి లాగడం కూడా మొదలైంది. అసలు ఓనర్ల రిజిస్టర్లు జనమందరికీ తెరిచి పెట్టడం వ్యక్తిగత గోప్యతకి విరుద్ధం అని 2022 నవంబర్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు చెప్పింది, చాలా దేశాలు వెంటనే మూసేశాయి. అమెరికా 2010లో పెట్టిన క్లెప్టోక్రసీ (దేశాన్ని దోచుకునే పాలన) ఆస్తుల విభాగాన్ని, గ్లవ్, 1ఎండీబీ కేసులు నడిపింది అదే, 2025 ఫిబ్రవరిలో రద్దు చేసింది. మార్చిలో ఇంకో మెట్టు దిగి, దేశీయ కంపెనీలు అసలు ఓనర్ ఎవరో చెప్పక్కర్లేదని రూల్ మార్చేసింది.

మన దేశం విషయానికొస్తే, స్విట్జర్లాండ్ నుంచి 2019 సెప్టెంబర్ నుంచి ఏటా ఖాతాల వివరాలు వస్తున్నాయి, రహస్యంగా ఉంచాలన్న ఒప్పందం మీద, కాబట్టి ఆదాయపన్ను శాఖ చూస్తుంది, మనం చూడం. ఇక డీమ్యాట్ అకౌంటో మ్యూచువల్ ఫండో తెరిచేటప్పుడు కేవైసీ ఫారంలో మీరు పీఈపీనా అని ఒక గడి వస్తుంది, చదవకుండా కాదు అని టిక్ పెట్టేస్తాం. పీఈపీ అంటే రాజకీయ పలుకుబడి ఉన్న మనిషి, అలాంటివాళ్ళ డబ్బు ఎక్కడిదో బ్యాంకు అదనంగా అడిగి తెలుసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనల్లో, 2023లో సవరించిన మనీ లాండరింగ్ రూల్స్‌లో ఆ మాటకి రాసిన అర్థం, విదేశీ ప్రభుత్వం అప్పగించిన ముఖ్యమైన పదవిలో ఉన్నవారు లేదా ఉండినవారు అని. దేశాధినేతలు, సీనియర్ రాజకీయ నాయకులు, జడ్జీలు, సైన్యాధికారులు, పార్టీ పెద్దలు అందరూ ఉన్నారు అందులో, కాకపోతే వేరే దేశంవాళ్ళు. అంటే ఘనా మాజీ మంత్రి ద్వారకానగర్‌లో బ్యాంకుకొస్తే మేనేజర్ ఫైలు పైకి పంపాలి, మన కార్పొరేటర్, ఎమ్మెల్యే, ఎంపీ, మంత్రి ఎవరొచ్చినా ఆ గడిలో కాదు అనే టిక్ పెడతారు, అబద్ధం కూడా కాదు.